గరాటు తిరగేస్తే గుడిసె

మేడ్చల్ పాత బజారులో ఏడు మడిగెలు ఒకే కప్పు కింద వరుసగా ఉన్నాయి. దుకాణపు గదిని మా వైపు మడిగె అంటారు. ఏడింటిలో ఆరింటికి ఇప్పుడు ఇనుప షట్టర్లే. పొద్దున ఒకదాని తర్వాత ఒకటి గుర్రుమంటూ పైకి లేస్తాయి. మా అత్తమ్మ తాళ్ల దుకాణానికి మాత్రం ఇంకా పలకల తలుపే.

నిలువెత్తు టేకు పలకలు తొమ్మిది. కింద రాతి గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి. ఒక చివర గాడి తెరిచి ఉన్న చోట పలకను ఎక్కించి రెండో చివరకు తోయాలి. దాని వెనకే రెండోది, మూడోది. ఒక్కొక్కటి ముందుదానికి ఆనుకున్నప్పుడు టక్కుమంటుంది. తొమ్మిదోది పడ్డాక అడ్డంగా ఇనుప పట్టీ వేసి తాళం పెడతారు. పొద్దున తెరిచేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు.

పెళ్లయిన కొత్తలో నేను ఆ తంతు చూడడానికే సాయంత్రం దుకాణానికి వెళ్లేదాన్ని. పై దూలం ఆ రెండో చివర వైపు వేలెడంత కిందికి వాలి ఉంటుంది కాబట్టి అన్ని పలకలూ ఒకే ఎత్తు ఉండవు. ముందు తోసేవి పొట్టి, ఆఖరున పట్టేవి పొడుగు. దేని చోట అదే పట్టాలి. అందుకని ప్రతి పలకకూ సరిగ్గా నడుమ ఒక గుర్తు చెక్కి ఉంటుంది. అత్తమ్మకు ఆ గుర్తుల పేర్లు నోటికొచ్చు. కర్ర, కొక్కెం, దువ్వెన, ముడి, ఉల్లిగడ్డ, తోక, గరాటు, గుడిసె, గరిటె. పలక ఎత్తుతూ పైకే అనుకునేది, పిల్లలను పేరుపేరునా ఇంట్లోకి పిలుస్తున్నట్టు.

అవి ఉర్దూ అంకెలని నాకు చెప్పింది పక్క మడిగెలో ఉండే దర్జీ తాత. ఏడు మడిగెల్లో అందరికంటే పాత మనిషి ఆయనే. చెక్కిన వడ్రంగికి ఉర్దూ అంకెలే వచ్చు, మా మామ తండ్రికి ఏ అంకెలూ రావు, అందుకని ఆయన తనకు తెలిసిన వస్తువుల పేర్లు పెట్టుకున్నాడట. అవే పేర్లు మా మామకు వచ్చాయి, ఆయన నుంచి అత్తమ్మకు.

“ఏక్, దో, తీన్ అని మస్తుసార్లు చెప్పిన బేటీ, మీ అత్తమ్మ ఇనదు” అన్నాడు తాత.

“అంకెలైతేంది అన్నా? గుడిసె గుడిసే” అంది అత్తమ్మ లోపల నుంచి.

నిజమే. ఉర్దూలో ఏడు అంకె మూతి పైకున్న గరాటులా ఉంటుంది. ఎనిమిది దానికి తలకిందులు, అచ్చం గుడిసె కప్పు. ఈ సంగతి అప్పుడు సరదాగా విని వదిలేశాను.

బిడ్డ పుట్టాక ఆ దుకాణాన్ని చూసే నా చూపు మారింది. నేను తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో పని చేస్తాను. ఏ సీసా మీద ఏ లేబులు ఉందో రెండుసార్లు సరిచూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ క్యాబు బజారు మూలకు వస్తుంది. బిడ్డను అత్తమ్మ ఒళ్లో పెట్టి పరుగెత్తాలి. అంటే రోజంతా, నేను తిరిగొచ్చేదాకా, మూడేళ్లు నిండని నా బిడ్డ ఆ పాత కప్పు కింద తాళ్ల చుట్టల మధ్య ఆడుకుంటుంది.

దూలానికి పైన గోడలో ఒక పగులు ఉంది. బొటనవేలి గోరు దూరేంత. నేను కాపురానికి రాకముందు నుంచీ ఉందంటారు. కానీ నేను చూసింది బిడ్డ పుట్టాకే. ఒకసారి చూశాక ఇంక దాన్ని చూడకుండా ఉండలేకపోయాను. పోయిన వానాకాలం రోజూ ఎక్కడో ఒక చోట పాత గోడ కూలిన వీడియో ఫోనులోకి వచ్చేది. క్యాబులో కూర్చుని అవన్నీ చూసి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నా పగులే కనిపించేది. ఒక రోజు స్టూలు వేసుకుని ఎక్కి, పగులు రెండు కొనల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. పెరుగుతోందో లేదో తెలియాలి కదా.

శామీర్‌పేట చెరువు నుంచి వలల కోసం వచ్చే ఒకామె ఉంది. మా అత్తమ్మ వయసే, చేపలు పట్టే ఇంటామె. గట్టి నోరు. నేను స్టూలు మీద ఉండగా వచ్చింది.

“ఏందక్కా, నీ కోడలు గోడకు కొలతలు తీస్తాంది? రవికె కుట్టిస్తదా?”

“సదువుకున్న పిల్ల గదా. గోడ ఒళ్లు జేస్తాందా, సన్నబడ్తాందా అని రాసుకుంటది” అంది అత్తమ్మ.

దర్జీ తాత మిషను ఆపి మరీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ వారమే నాగారంలో ఒక పిల్లల కేర్ సెంటర్ చూసి వచ్చాను. కొత్త అపార్ట్‌మెంటు కింది అంతస్తు. నున్నటి గోడలు, గుండ్రటి మూలల బల్లలు, ఫినాయిల్ వాసన. గోడల మీద పగులు కాదు కదా మరక కూడా లేదు. నెలాఖరు లోపల ఏ సంగతీ చెప్పమన్నారు. మా ఆయన “నీ ఇష్టం” అన్నాడు. ఆ మాట ఎప్పుడూ నాకు సాయం చెయ్యలేదు. అత్తమ్మకు చెప్పాల్సింది నేనే.

చెప్పాను. ఆమె నైలాన్ తాడు కొలుస్తోంది. మా గడప రాతి మీద రెండు గాట్లు ఉన్నాయి, వాటి మధ్య దూరం సరిగ్గా ఒక బార. టేపు తియ్యకుండా అక్కడే కొలిచి ఇస్తారు. కొలిచీ కొలిచీ గాట్ల మధ్య రాయి అద్దంలా నున్నబడింది. నా బిడ్డ ఆ గాట్ల మధ్య పడుకుని “నేనెంత?” అని అడిగే ఆట ఆడుతుంది. అత్తమ్మ జానతో కొలిచి “సగం తాడు” అంటుంది.

“కేర్ సెంటర్ అంటే?” అంది అత్తమ్మ, చేతిలో తాడు ఆపకుండా.

“రోజంతా పిల్లలను చూసుకుంటరు. పాటలు నేర్పుతరు. నీకు గుడ శ్రమ తగ్గుతది అత్తమ్మా.”

“నాకు శ్రమని నేనన్ననా?”

నా చూపు పైన పగులు మీదికి పోయింది. అది చూసి ఆమే అంది, “గీ కప్పు మీద నీకు నమ్మకం లేదు. గంతే గదా?”

“పగులు చూసినవా నువ్వు?”

“పగులు గోడది. మోసేది దూలం. గా దూలం దిగుతదా లేదా అని నేను దినాం జూస్త.”

“ఎట్ల జూస్తవ్?”

“పలకలతోని. దూలం నూలుపోగంత దిగినా పలక గాడిల జరగకుండ పట్టుకుంటది. పొద్దుగాల ఒకపారి, పొద్దుమీకి ఒకపారి తొమ్మిదింటినీ తోస్త. ఎన్నడన్న ఒక్క పలక పట్టుకున్నదనుకో, నీకన్న ముందుగాల నేనే పిల్లను సంకల ఏసుకొని బయట పడ్త.”

ఆ మాట నా మనసులో గట్టిగా నాటుకుంది. నమ్మకంగా కాదు, హెచ్చరికగా. అప్పటి నుంచి పగులుతో పాటు పలకల చప్పుడు కూడా వినడం మొదలుపెట్టాను. భయపడడానికి రెండు చోట్లు దొరికాయి.

ఆ భయంతోనే, ఆ మడిగెను నేను ముందెప్పుడూ లేనంత దగ్గరగా చూశానని ఇప్పుడు అనిపిస్తుంది. పగులు సంగతి అడగడానికి దర్జీ తాత దగ్గర కూర్చుంటే ఆయన కట్టడం సంగతంతా చెప్పేవాడు. గోడలు రెండు మూరల మందం, రాయి, డంగు సున్నం. కట్టించింది ధాన్యం వ్యాపారం చేసిన ఒక సేటు. ముందు ధాన్యం బస్తాలు పెట్టుకోవడానికే కట్టాడట, అందుకే లోపలి గోడలకు కిటికీలు లేవు. తర్వాత ఒక్కొక్క గది కిరాయికిచ్చాడు. చివరి మడిగెలో పెళ్లిళ్లకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవారు. ఇప్పుడక్కడ కర్రీ పాయింటు. దాని కప్పు నిండా మసి ఉంటే కూరలదే అనుకునేదాన్ని. “సగం లైట్లది బేటీ” అన్నాడు తాత.

ముందున్న రోడ్డే అప్పట్లో పెద్ద రోడ్డు. ఉత్తరాదికి పోయే లారీలన్నీ మడిగెల ముందే ఆగేవి. లారీ డ్రైవర్లు చిరిగిన లుంగీలు తెచ్చి తాతతో కుట్టించుకునేవారు, టార్పాలిన్ కట్టుకోవడానికి మా దుకాణంలో మోకులు కొనేవారు. బయట కొత్త రోడ్డు పడ్డాక లారీలు అటే వెళ్లిపోయాయి. “ఒక్క దినంల చప్పుడు బందయింది. చెవులు పోయినయేమో అనుకున్న” అనేవాడు.

అత్తమ్మకు మాత్రం ఊరి సంగతులన్నీ తాళ్ల లెక్కలోనే గుర్తు. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఎడ్ల ముకుతాళ్లు, బావి చేదతాళ్లు. తర్వాత శామీర్‌పేట దాకా ద్రాక్ష తోటలు. పందిళ్లకు కట్టే తాడు కోసం అత్వెల్లి నుంచి రైతులు పొద్దున పలకలు తియ్యకముందే వచ్చి అరుగు మీద కూర్చునేవారట. తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. ప్లాట్ల వాళ్లు సున్నం గీతలు గీసే ముందు కట్టుకునే సన్న దారం కూడా మా దుకాణంలోదే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు కట్టే ఆకుపచ్చ వల. “చెరువుల వలకు చేపలు పడ్తయి, గీ పచ్చ వలకు మనుషులు పడ్తరు” అని ఆమె జోకు. ఆ జోకు నేను ఇరవై సార్లు విన్నాను. ప్రతిసారీ ఆమె తనే ముందు నవ్వుతుంది.

కప్పు దూలాలకు వరుసగా ఇనుప కొక్కేలు. తాళ్ల చుట్టలు వేలాడదీసి తీసి, దూలం అంచులు ఒరిసి పోయాయి. జనపనార, కొబ్బరి పీచు, కొత్త నైలాన్, అన్నీ కలిసిన ఒక వాసన. నా బిడ్డను సాయంత్రం ఎత్తుకుంటే జుట్టులో ఆ వాసనే వచ్చేది. నాగారం వెళితే ఆ వాసన రాదు కదా అని ఒక్క క్షణం అనిపించి, వెంటనే పగులు గుర్తొచ్చేది.

ఇలా ఉండగా అత్తమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. వారం రోజులు బరువు ఎత్తవద్దు, వంగవద్దు, నల్ల కళ్లద్దాలు తియ్యవద్దు అన్నారు. నేను సెలవు పెట్టాను. ఇల్లు వెనక గల్లీలోనే. ఆమె ఇంట్లో పడుకుంటే, నేను బిడ్డతో దుకాణంలో. మా ఆయన పొద్దున పనికి వెళ్లేముందు పలకలు తీసి పెట్టి పోయేవాడు. సాయంత్రం మూసే వంతు నాది.

మొదటి రోజే, గుర్తులతో తికమక పడకుండా ఏదైనా ఏర్పాటు చెయ్యాలనుకున్నాను. మంచి ఉద్దేశమే. కళ్లు సరిగా కనిపించేదాకా అత్తమ్మకు కూడా సులువవుతుంది. తెల్ల రంగు డబ్బా, నీలం రంగు డబ్బా తెచ్చాను. ఫోనులో ఉర్దూ అంకెల పట్టిక తెరిచాను. గుర్తు చూడడం, పట్టికతో సరిచూడడం, గుర్తు మీద తెల్ల పట్టీ పూసి, ఆరాక దాని మీద నీలం అంకె రాయడం. రోజూ ఉద్యోగంలో చేసేదే. గోడకు నిలబెట్టిన ఏడు పలకలు గంటలో అయిపోయాయి.

మిగిలిన రెండూ బయట అరుగు మీద ఉన్నాయి. పగటి పూట ఆ రెంటినీ రాళ్ల మీద బల్లలా పరిచి, మీద వలల కట్టలు పెట్టి అమ్మడం మా దుకాణం అలవాటు. అమ్మకం ఆగకుండా, కట్టలు అటూ ఇటూ జరిపి, పలక కొన దగ్గర కూర్చుని గుర్తులు చూశాను. ఒకటి గుడిసె, ఎనిమిది. ఒకటి గరాటు, ఏడు. రెండుసార్లు చూశాను. రాశాను. బిడ్డ కూడా వేలికి నీలం రంగు పూసుకుని గడప మీద ఒక చుక్క పెట్టింది.

సాయంత్రం మబ్బు కమ్మింది. శామీర్‌పేట ఆమె వలలు కొనడానికి వచ్చి, చినుకులు మొదలవడంతో మా దుకాణంలోనే ఆగిపోయింది. చూస్తుండగానే వాన పెద్దదైంది. గాలికి జల్లు లోపలికి కొడుతోంది. తాళ్లు తడుస్తాయని త్వరగా మూయడం మొదలుపెట్టాను.

“ఒక్కదానివే మూస్తవా?” అంది ఆమె.

“అంకెలు ఏసిన గదా. చూడు” అన్నాను కొంచెం గొప్పగా.

ఒకటి, రెండు, మూడు. టక్, టక్, టక్. ఆరు దాకా ఇబ్బంది లేదు. ఏడు అని నేను రాసిన పలక ఎత్తి గాడిలో పెట్టాను. పక్కకు తోశాను. కొంత దూరం జరిగి ఆగింది. మళ్లీ తోశాను. పైన కీచుమంది. భుజం పెట్టి తోస్తే పలక పై అంచు దూలంలో ఇరుక్కుని, ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. దూలం మీద నుంచి సున్నం పొడి నా నుదుటి మీద రాలింది.

పలక పట్టుకుంది.

ఆ క్షణంలో అత్తమ్మ మాట తప్ప నాకు ఇంకేమీ వినపడలేదు. పైకి చూశాను. మసక వెలుతురులో పగులు నేను గీసిన పెన్సిలు గీత దాటినట్టే కనిపించింది. తాళ్ల చుట్ట మీద కూర్చున్న బిడ్డను రెండు చేతులా లాక్కుని, మిగిలిన సందులోంచి వానలోకి దూకాను.

“బయటికి రాండ్రి! దూలం దిగింది! అందరు బయటికి రాండ్రి!”

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఏడు మడిగెలూ కదిలిపోయాయి. దర్జీ తాత మెడలో టేపు, చేతిలో ఒక చెయ్యి మాత్రమే కుట్టిన షర్టుతో వచ్చాడు. కర్రీ పాయింటు ఆమె పొయ్యి కట్టేసి, పప్పు గిన్నె మాత్రం వదలకుండా ఎత్తుకొచ్చింది. ఫోను రీచార్జి చేసే అబ్బాయి, వాళ్ల గిరాకీ, అందరూ రోడ్డు అవతల వానలో నిలబడి మడిగెల వైపు చూస్తున్నారు. శామీర్‌పేట ఆమె కొనని కొత్త వల తల మీద కప్పుకుని నిలబడింది, దానికి వాన ఆగుతుందా?

ఏమీ కూలలేదు. వాన పడుతూనే ఉంది. మడిగెలు ఎప్పటిలాగే ఉన్నాయి. బిడ్డ ఒక్కతే సంతోషంగా నాలుక చాపి చినుకులు పడుతోంది.

అప్పుడే గల్లీ మలుపులోంచి అత్తమ్మ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తల మీద ఎరువుల సంచి, ఒక చెయ్యి గోడ పట్టుకుని. నా కేక ఇంటిదాకా వినపడిందట.

“పిల్లేది?” అంది ముందు.

“ఇక్కడే ఉంది అత్తమ్మా. నువ్వు లోపలికి పోకు. పలక పట్టుకుంది.”

“ఏ పలక?”

“ఏడోది.”

“ఏడోదంటే నాకేమెర్క? పేరు చెప్పు.”

“గరాటు.”

ఆమె నా మాట లెక్క చెయ్యకుండా అరుగెక్కింది. నేను అరుస్తూనే ఉన్నాను. ఇరుక్కున్న పలకను అరచేత్తో పైనుంచి కిందికి తడిమింది. నడుమ దగ్గర ఆగింది. నా తెల్ల రంగు కింద చెక్కడం ఇంకా ఉంది కదా, వేలికొనతో దాని గాడి వెంట మెల్లగా పోయింది. తర్వాత వంగకుండానే, పాదం బొటనవేలితో పలక కింది కొన తాకి చూసింది. మా పలకల కింది కొనలు ఏళ్ల తరబడి వానకు తడిసి గరుకెక్కి నల్లబడి ఉంటాయి.

“అన్నా, జర రా” అని తాతను పిలిచింది. “నా కండ్లు సరిగ లేవు. వేలుకైతే గుడిసె తగుల్తాంది.”

తాత వచ్చి తన వేలు పెట్టి చూశాడు. తర్వాత అరుగు మీదున్న రెండో పలక దగ్గరికి వెళ్లి, దాని మీదా గోరుతో గీరాడు. నా వైపు తిరిగాడు.

“బేటీ, గీ రెండు పలకల మీద అంకెలు ఏసేటప్పుడు ఎక్కడ కూసున్నవ్?”

చూపించాను. నేను కూర్చున్నది పలకల పై కొన వైపు.

“ఉల్టా కూసున్నవ్. నీకు సాత్ ఆఠ్ అయింది, ఆఠ్ సాత్ అయింది. గరాటు జాగల గుడిసెను దూర్చినవ్ బేటీ. గుడిసె గింత పొడుగు. ఎట్ల పడ్తది?”

ఆ తర్వాత శామీర్‌పేట ఆమె మొదలుపెట్టింది, వల కింద నుంచే.

“సీసాల మీద కాయితాలు సరిచూసే నౌకరీ అన్నవు గదా పిల్లా! ఆ మందులు తాగెటోళ్లు ఎట్లున్నరో ఏమో!”

వానలో నిలబడ్డ వాళ్లందరూ నవ్వారు. కర్రీ పాయింటు ఆమె “నా పప్పు నీళ్లయింది, గీ నీళ్ల పప్పు మీ ఇంట్లనే తినుండ్రి” అని గిన్నె నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. బిడ్డ నా మొహం చూసి, నవ్వాలని నిర్ణయించుకుంది.

తాత, రీచార్జి దుకాణం అబ్బాయి కలిసి గుడిసె పలకను వెనక్కి లాగారు. గరాటును ఎక్కించారు. ఒక్క తోపుకు జారిపోయి తోక పలకకు ఆనుకుంది. టక్. తర్వాత గుడిసె. టక్. అంత తేలికగా.

అందరూ వెళ్లాక అత్తమ్మను ఇంటికి తీసుకెళ్లబోయాను. ఆమె కదల్లేదు. గరిటె పలక ఇంకా వెయ్యలేదు, ఆ సందులోంచి లోపలికి వెళ్లి లైటు వెయ్యమంది. నడుమ ఉన్న ఉల్లిగడ్డ పలక పై అంచు మీద నా వేలు పెట్టించింది. అక్కడ చెక్క కొంచెం లేత రంగులో, సన్నని చారలతో ఉంది.

“ఏం తగుల్తాంది?”

“చిత్రిక పట్టినట్టుంది.”

“మీ మామ పట్టిండు. నేను కాపురానికొచ్చిన ఏడు. గప్పుడు దూలం జరంత దిగింది. ఉల్లిగడ్డ పట్టుకున్నది. నేను గుడ నీ తీరుగనే ఒర్లిన. మీ మామ చిత్రిక పట్టి, మేస్త్రిని పిలిచి దూలం కింద రెండు దిక్కుల రాయి పెట్టిపిచ్చిండు. గదే ఆఖరు. మల్ల గీ పలకలకు చిత్రిక తగల్లే. మిగిలినవి గుడ చూసుకో.”

ఒక్కొక్క పలక పై అంచూ తడిమి చూశాను. నల్లగా, నున్నగా, పాత రంగు చెదరకుండా ఉన్నాయి. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇన్నేళ్లూ ఆ దూలం ఇంక కిందికి రాలేదని ఆ చెక్క చెబుతోంది. తేదీ వేసిన నా పెన్సిలు గీతలకు మూడు వారాల వయసు.

“నువ్వు ఒర్లినవా?” అన్నాను.

“మస్తు. లారీలు గుడ ఆగినయి” అంది అత్తమ్మ.

మరుసటి రోజు నేనే పట్టుబట్టి మేస్త్రిని పిలిపించాను. ఆమె వద్దనలేదు. ఆయన నిచ్చెన వేసి దూలం తట్టి చూశాడు, పెట్టిన రాళ్లు చూశాడు, చెదలు లేవన్నాడు. పగులు పైపూతదేనట. పై గచ్చు మీద నీళ్లు పోయే తూము పూడిపోయి ఉంటే అది తీయించాడు, పగులులో సున్నం పూశాడు. నా పెన్సిలు గీతలు ఆ సున్నం కిందికి పోయాయి. నాకు ఏ మాత్రం బాధ కలగలేదంటే అబద్ధం. మూడు వారాలు ఎంత శ్రద్ధగా చూసుకున్నాను వాటిని.

అంకెలు చెరిపేద్దామనుకున్నాను. అత్తమ్మ వద్దంది. “ఉండనియ్యి. తప్పులున్న రెంటినే తుడువు.” టర్పెంటైనుతో ఆ రెండు పలకల మీద తెల్ల పట్టీలు తుడిచాను. రంగు పూర్తిగా పోలేదు. చెక్కిన గాడుల్లో తెలుపు మిగిలిపోయి, ఇప్పుడు ఆ రెండు గుర్తులే అన్నింటికంటే బాగా కనిపిస్తున్నాయి. తెల్లటి గరాటు ఒకటి, తెల్లటి గుడిసె ఒకటి. బజారులో అందరూ వాటిని “కోడలి పలకలు” అంటున్నారు. శామీర్‌పేట ఆమె పెట్టిన పేరే అయ్యుంటుంది.

నెలాఖరు వచ్చింది. నాగారం వాళ్లే ఫోను చేశారు. ఈ ఏడు కాదండీ అన్నాను. భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. నా భయం ఎక్కడికీ పోదు, చోటు మారుతుందంతే. కాకపోతే ఇప్పుడు దానికి ఒక పని దొరికింది.

పొద్దున క్యాబు వచ్చే వేళకు నేను బిడ్డను ఎత్తుకుని అరుగు ముందు నిలబడతాను. అత్తమ్మ కళ్లు ఇప్పుడు బాగున్నాయి. ఇనుప పట్టీ తీస్తుంది. మొదట గరిటె వస్తుంది. తర్వాత గుడిసె. తర్వాత గరాటు. ఆ మూడూ పట్టుకోకుండా జారడం నేను చెవులతో వింటాను. మూల మీద క్యాబు హారను కొడుతూ ఉంటుంది. డ్రైవరుకు, లోపల కూర్చున్న నా తోటి వాళ్లకు నేను రోజూ రెండు నిమిషాలు ఎందుకు ఆలస్యమవుతానో తెలియదు. మిగిలిన ఆరింటికీ ఆగితే క్యాబు ఉండదు. అవి నా బిడ్డ వింటుంది.

మొన్న సెలవు రోజు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అంకెలు చెప్పించాను. ఆరు దాకా బాగానే చెప్పింది. ఆరు తర్వాత ఏంటని అడిగాను.

“గరాటు” అంది.

“తర్వాత?”

“గుడిసె.” నా మొహం వైపు చూసి, అనుమానం తీర్చడానికన్నట్టు చెప్పింది, “తిరగేస్తే గరాటు. తిరగేయొద్దు, అమ్మ ఒర్లుతది.”

బడిలో వెయ్యడానికి ఇంకా ఏడాది ఉంది. అప్పటిదాకా ఆ లెక్కను దిద్దనని అత్తమ్మకు మాటిచ్చాను.